శరత్కాలపు సాయంత్రాల్లో పిల్లలకు భయపెట్టే నవల చదివి వినిపించవచ్చా?

ప్రశ్న
రాసినవారు: నోవై నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మేము మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉన్న నోవైలో ఉంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు నిండాయి, నాలుగో తరగతి చదువుతోంది. అక్టోబరు మొదటి వారంలో గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు, పిల్లల విభాగంలో గుమ్మడికాయల మధ్య పేర్చిన పుస్తకాల్లోంచి జాన్ బెలేర్స్ రాసిన 'ది హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్' అనే నవలను తానే ఎంచుకుని తెచ్చుకుంది. 1973లో వచ్చిన పుస్తకం. ఎడ్వర్డ్ గోరీ నల్ల సిరాతో గీసిన బొమ్మలు చూసి ముచ్చటపడి తీసుకుందని నా అనుమానం.

రెండు రాత్రులు తనంతట తానే పడుకునే ముందు చదువుకుంది. మూడో రాత్రి పదకొండు దాటాక మా గదిలోకి వచ్చి, గోడలోంచి ఏదో చప్పుడు వస్తోందని చెప్పింది. నడవలో ఉన్న మా గోడ గడియారం టిక్కుటిక్కుమనడం పగటిపూట ఎవరికీ వినిపించదు. ఆ రాత్రి నేను కూడా నిలబడి విన్నాను, నిజంగానే గట్టిగా వినిపించింది. గడియారం దించి బ్యాటరీ తీసి సొరుగులో పెట్టేశాను. అయినా పుస్తకం తిరిగి ఇచ్చేద్దామంటే మాత్రం పిల్ల ఒప్పుకోవడం లేదు. పొద్దున్న లేవగానే ముందు ఆ పుస్తకమే అడుగుతోంది.

మా అత్తగారు ఆగస్టులో అమలాపురం నుంచి వచ్చారు. అమ్మాయి ఆవిడ పక్కనే పడుకుంటుంది. దీపం పెట్టే వేళ ఇంట్లో దయ్యాల ఊసు ఎత్తకూడదని, లేత మనసులో భయం ఒకసారి చొరబడితే అంత తేలికగా వదలదని ఆవిడ అంటున్నారు. ఆ మాటను నేను తోసిపుచ్చలేకపోతున్నాను, ఎందుకంటే రాత్రి పిల్ల ఉలిక్కిపడితే ముందు లేచేది ఆవిడే. మావారేమో, నచ్చకపోతే తనే మానేస్తుంది, మనం కల్పించుకోవద్దు అంటున్నారు.

నేను మొదటి మూడు అధ్యాయాలు మాత్రమే చదివాను. ముందు ముందు భయం పెరుగుతుందా, పెరిగితే దానిలో పిల్లకు పనికివచ్చేది ఏమైనా ఉందా, లేక ఊరికే గుండె దడ పుట్టించడమేనా అన్నది తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. ఆపేయడం మంచిదా, తనతో కూర్చుని నేను చదివి వినిపించడం మంచిదా? వినిపిస్తే ఏ వేళ, ఎంత చొప్పున చదవాలి? ఇలాంటి పుస్తకాలను ఇక్కడ ప్రత్యేకించి ఆకులు రాలే ఈ నెలలోనే పిల్లల చేతికి ఎందుకు ఇస్తారో కూడా నాకు తెలుసుకోవాలని ఉంది.


సమాధానం
రాసినవారు: బడి గ్రంథాలయంలో పనిచేసే ఒకరు, ఒహాయో

భయపడి పుస్తకాన్ని దూరంగా పెట్టేసే పిల్లలు వేరు, భయపడుతూనే వదలని పిల్లలు వేరు. పొద్దున్నే పుస్తకం అడుగుతోందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం వల్ల నేను ఆపేయమని చెప్పలేకపోతున్నాను. నేను నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఈ నవలను చాలా సంవత్సరాలుగా చదివి వినిపిస్తున్నాను కాబట్టి లోపల ఏముందో కొంత వివరంగా చెబుతాను. ముగింపు మాత్రం చెప్పను, దానిని మీరిద్దరూ కలిసి తెలుసుకోవాలి.

కథ 1948లో జరుగుతుంది. తల్లిదండ్రులు కారు ప్రమాదంలో చనిపోయిన లూయిస్ బార్నవెల్ట్ అనే పదేళ్ళ పిల్లవాడు మిల్వాకీ నుంచి బస్సులో న్యూ జెబెడీ అనే చిన్న ఊరికి, ఇంతవరకూ తాను చూడని జోనథన్ అనే బంధువు ఇంటికి వస్తాడు. లూయిస్ లావుగా ఉంటాడు, బేస్‌బాల్ ఆడటం చేతకాదు, బడిలో జట్లు వేసుకునేటప్పుడు ఎవరూ అతన్ని కోరుకోరు. జోనథన్‌కు కొద్దిపాటి మంత్రవిద్య తెలుసు. పొరుగింటి మిసెస్ జిమ్మర్‌మన్‌కు అంతకన్నా చాలా ఎక్కువ తెలుసు. ఈ ముగ్గురూ నిద్రవేళ దాటేదాకా పేకాట ఆడుకుంటారు, చాక్లెట్ బిస్కెట్లు తింటారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. బెలేర్స్ ముందుగా ఇంత వెచ్చని ఇల్లు కట్టి పెట్టి, పిల్లవాడిని అందులో కుదురుగా కూర్చోబెట్టిన తరువాతనే గోడలోని చప్పుడును గట్టిగా వినిపించనిస్తాడు. ఆ ఇంటి పాత యజమాని ఐజాక్ ఇజార్డ్ గోడల్లో ఎక్కడో ఒక గడియారాన్ని దాచి చనిపోయాడు, అది ఎందుకు నడుస్తోందో ఎవరికీ తెలియదు. జోనథన్ అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని గోడలకు చెవి ఆనించి తిరిగే ఘట్టం దగ్గర మీ అమ్మాయి ఆగి ఉంటుందని నేను అనుకుంటున్నాను. చాలామంది పిల్లలు మొదట భయపడేది అక్కడే, ఎందుకంటే తమను కాపాడవలసిన పెద్దవాడే దేనికో భయపడుతున్నాడన్న సంగతి వారికి అక్కడ తెలుస్తుంది.

అయితే నవలలోని అసలు భయం ఇంకా ముందు ఉంది, అది దయ్యానికి సంబంధించినది కాదు. బడిలో అందరూ మెచ్చే టార్బీ అనే కుర్రాడు చెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. ఆటలు ఆడలేని ఆ వారాల్లో లూయిస్‌తో స్నేహం చేస్తాడు. చెయ్యి నయమవుతున్న కొద్దీ టార్బీ మెల్లగా జారిపోతుంటాడు. జారిపోతున్న స్నేహితుణ్ణి నిలుపుకోవడానికి లూయిస్ తనకు చేతకాని పని చేతనవునని గొప్పలు చెబుతాడు: చనిపోయినవారిని లేపగలనంటాడు. అక్టోబరు 31న వచ్చే దయ్యాల పండుగ హాలోవీన్ నాడు అర్ధరాత్రి ఇద్దరూ శ్మశానానికి వెళతారు, అక్కడ ఒక సమాధి దగ్గర జరగకూడనిది జరుగుతుంది. ఆ తరువాత అనేక పేజీల వరకు లూయిస్‌ను తినేసేది, తాను చేసింది పెద్దవారికి చెప్పలేకపోవడం. చెబితే తిడతారని మాత్రమే అతను భయపడితే ఇంత బాధ ఉండేది కాదు. ఈ ఇల్లు కూడా తనకు లేకుండా పోతుందేమో, తనను ఎక్కడికైనా పంపేస్తారేమో అని ఆ అనాథ పిల్లవాడు లోలోపల కుమిలిపోతాడు.

ఈ భాగం చదివినప్పుడు మా పిల్లలు సమాధిలోంచి వచ్చినదాని గురించి ఒకటి రెండు ప్రశ్నలు అడిగి ఊరుకుంటారు. 'ఎందుకు చెప్పడం లేదు, చెప్పేయవచ్చు కదా' అని మాత్రం వరుసగా అడుగుతారు, కొందరైతే కోపంతో అడుగుతారు. తొమ్మిది, పదేళ్ళ వయసులో ప్రతి పిల్లకూ చెప్పలేక దాచుకున్నది ఏదో ఒకటి ఉంటుంది. పగిలిన వస్తువో, చెరిపేసిన మార్కో, స్నేహితురాలి గురించి అన్న మాటో. ఆ బరువుకు ఒక రూపం ఇచ్చి, అమ్మ గొంతులో బయట నుంచి వినే అవకాశం కల్పిస్తుంది కాబట్టే ఈ నవల అంటే నాకు అంత ఇష్టం. సమాధి ఘట్టం భయంగా ఉంటుందని దానిని దాటవేసి చదివితే, తరువాతి భాగమంతా అర్థం లేనిదైపోతుంది. దయచేసి అలా చేయకండి.

కాబట్టి మీరు చదివి వినిపించండి. అంతకు ముందు మొత్తం పుస్తకం మీరు ఒకసారి చదివేయండి. 200 పేజీల లోపే ఉంటుంది, ఒక ఆదివారం చాలు. పడక మీద కాకుండా హాలులోనో, వంటగది బల్ల దగ్గరో కూర్చుని, భోజనానికి ముందు చదవండి. చదవడానికీ నిద్రకూ మధ్య అన్నం తినడం, గిన్నెలు సర్దడం, రేపటి బడి సంచి చూసుకోవడం వంటి మామూలు పనులు ఉంటే కథ కథగానే ఆ బల్ల దగ్గర ఉండిపోతుంది. ఆపమని చెప్పే హక్కు అమ్మాయికే ఇవ్వండి, ఆమె అడిగితే ఎందుకని అడగకుండా ఆపేయండి. ఆ హక్కు చేతిలో ఉన్న పిల్లలు దానిని వాడుకోవడం నేను చాలా అరుదుగా చూశాను.


సమాధానం
రాసినవారు: ఇద్దరు పిల్లల తండ్రి, న్యూజెర్సీ

పైన రాసినవారితో నేను ఏకీభవిస్తున్నాను, కానీ నా వల్ల జరిగిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మూడేళ్ళ క్రితం ఇదే పుస్తకం మా పెద్దబ్బాయికి చదివి వినిపించాను. అప్పుడు వాడికి ఏడేళ్ళు. అది తొందరపాటని ఇప్పుడు అనిపిస్తోంది. శ్మశానం ఘట్టం చదువుతుండగా తొమ్మిదిన్నర అయింది. మరుసటి రోజు తెల్లవారుజామున ఆఫీసు పని మీద విమానం ఎక్కవలసి ఉండటంతో, సమాధి తలుపు దగ్గర ఆపి, మిగతాది తరువాత చదువుకుందామని చెప్పి దీపం ఆర్పేశాను. నేను తిరిగి వచ్చింది నాలుగు రోజుల తరువాత. ఆ నాలుగు రాత్రులూ వాడి ఊహలో ఆ తలుపు తెరుచుకునే ఉంది. పుస్తకంలో తరువాత ఏం జరుగుతుందో తెలియదు కాబట్టి, వాడు తనకు తోచినది కల్పించుకున్నాడు. వాడు కల్పించుకున్నది బెలేర్స్ రాసినదానికన్నా ఎన్నో రెట్లు భయంకరంగా ఉందని వాడు చెప్పినప్పుడు తెలిసింది. నెల రోజులపాటు స్నానాల గదికి కూడా ఒంటరిగా వెళ్ళలేదు.

కాబట్టి ఎంత చదవాలన్న మీ ప్రశ్నకు నా సమాధానం పేజీల లెక్కలో ఉండదు. తలుపు తెరిచి ఉన్న చోట పుస్తకం మూయకండి. లూయిస్ ఇంటికి చేరి పడుకున్నాడనో, ముగ్గురూ వంటగదిలో కూర్చున్నారనో వచ్చే చోటు దాకా చదివి ఆపండి. అలాంటి చోట్లు ఈ నవలలో చాలానే ఉన్నాయి. శ్మశానం ఘట్టానికి, తరువాత వచ్చే రాత్రిపూట కారు వెంటబడే ఘట్టానికి శనివారం మధ్యాహ్నం కేటాయించి ఒక్క విడతలో పూర్తి చేయండి.

ఇంకొక మాట. 2018లో వచ్చిన సినిమాను ముందుగా చూపించకండి. పుస్తకం చదివేటప్పుడు దయ్యం ఎంత పెద్దదిగా ఉండాలో పిల్ల తానే నిర్ణయించుకుంటుంది, తట్టుకోలేకపోతే దానిని కొంచెం చిన్నది చేసుకోగలదు. తెర మీద ఆ కొలత వేరొకరి చేతిలో ఉంటుంది, శబ్దం కూడా వారి చేతిలోనే ఉంటుంది. గోరీ బొమ్మలు మాత్రం చూపించండి. సన్నని గీతలు, పెద్ద చీకటి గదులు, వాటిలో బొద్దుగా నిలబడ్డ చిన్న లూయిస్. అవి చెప్పవలసినంత మాత్రమే చెప్పి ఊరుకుంటాయి.


సమాధానం
రాసినవారు: పదవీ విరమణ చేసిన తెలుగు లెక్చరరు, హైదరాబాదు

రెండు సంవత్సరాల క్రితం మా అబ్బాయి దగ్గర మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో ఆరు నెలలు ఉండి వచ్చాను కనుక, ఈ నెలలోనే ఎందుకన్న మీ ప్రశ్న నాకు ప్రత్యేకంగా నచ్చింది. మీ అత్తగారి మాటకు, ఈ ప్రశ్నకు దగ్గరి సంబంధం ఉందని నా ఉద్దేశం.

మన సాహిత్యంలో శరత్తు భయపెట్టే ఋతువు కాదు. వానలు వెనుకబడి, ఆకాశం తేటపడి, రెల్లు పూసి, వెన్నెల పిండి ఆరబోసినట్టు ఉండే కాలం అది. నన్నయ భారతంలో రచించిన చివరి పద్యంగా మనం చెప్పుకునేది శారదరాత్రుల వర్ణనే, అందులో ఉన్నదంతా తారకల వెలుగు, కలువల పరిమళం, చంద్రకాంతి. ఆకులు రాలడం మనకు శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణ మాసాలలో వస్తుంది. అప్పటికి చలి తగ్గుముఖం పట్టి, వసంతం గుమ్మంలో ఉంటుంది. అందువల్ల ఆకు రాలడమనగానే చావు, చీకటి గుర్తుకు రావడం మనకు అలవాటు లేదు. మిషిగన్‌లో ఆకు రాలిన తరువాత వచ్చేది ఐదు నెలల చలి. అక్కడ అక్టోబరు 1న సాయంత్రం సుమారు 7:10కి అస్తమించే సూర్యుడు నెలాఖరుకు 6:30 లోపే అస్తమిస్తాడు. నవంబరు మొదటి ఆదివారం ఊరందరూ గడియారాలను గంట వెనక్కు తిప్పుకోగానే ఐదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. బడి నుంచి వచ్చి కాసేపు ఆడుకునే పిల్లలకు చీకటి రోజుకు నిమిషమో, నిమిషంన్నరో చొప్పున దగ్గరికి జరిగి వస్తున్నట్టు ఉంటుంది. గడియారం, కాలం, చీకటి కలిసిన కథను అలాంటి నెలలో చదివితే, కిటికీ బయట ఉన్నదే పుస్తకంలోనూ ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ కథను ఏప్రిల్‌లో చదివితే అదే వాక్యాలకు ఆ బలం ఉండదు.

మా మనవడు అక్కడి మేపుల్ చెట్టు కింద నిలబడి నాకు ఒక పాఠం చెప్పాడు. ఆకులోని పసుపు కొత్తగా వచ్చింది కాదట, వేసవి అంతా పత్రహరితం చాటున ఉన్నదే, పచ్చదనం విరిగిపోగానే బయటపడుతుందట. ఎరుపు మాత్రం చాలావరకు ఆ రోజుల్లోనే ఆకు తయారు చేసుకుంటుందట. అరవై ఏళ్ళు దాటిన తరువాత నాకు తెలిసిన సంగతి ఇది.

ఇక మీ అత్తగారి విషయం. సంధ్యవేళ దయ్యాల మాట కూడదన్న నియమంలో నాకు మూఢత్వం కనిపించదు. పగలు, రాత్రి కలిసే ఆ సమయంలో మనసు బలహీనంగా ఉంటుందని గమనించినవారు పెట్టుకున్న హద్దు అది. కథలే కూడదని మన పెద్దలు అనలేదు. నా తరం వారందరం చందమామలో బేతాళ కథలు చదివే పెరిగాము. ప్రతి నెలా అదే చీకటి రాత్రి, అదే శ్మశానం, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు, శంకర్ గీసిన ఆ బొమ్మ. చిన్నప్పుడు ఆ బొమ్మ ఉన్న పేజీని అరచేత్తో కప్పి కథ చదివినవారిని నేను ఎరుగుదును. అయితే శవంలోని బేతాళుడు నోరు విప్పి చెప్పేది ఒక కథ, చివర అడిగేది ఒక ధర్మసందేహం. తెలిసి కూడా సమాధానం చెప్పకపోతే రాజు తల పగులుతుందన్నది అక్కడి నిబంధన. మీరు చెబుతున్న అమెరికా పిల్లవాడి కథలోనూ తెలిసినది చెప్పకపోవడమే ప్రాణాంతకమవుతోందని పైన రాసినవారి వివరణ వల్ల తెలుస్తోంది. ఈ పోలిక మీ అత్తగారికి చెప్పి చూడండి. బేతాళుడిని ఆవిడకు మీరు కొత్తగా పరిచయం చేయవలసిన పని ఉండదు.

హాలోవీన్ పూర్వరూపాలలో ఒకటిగా చెప్పే సావిన్ అనే కెల్టిక్ పండుగ కూడా పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే సంధిలో వచ్చేదే. ఆ రాత్రి చనిపోయినవారు ఇళ్ళకు వస్తారని ఐర్లండ్ పల్లెల్లో నమ్మేవారు. నవంబరు 1న పునీతులను, 2న చనిపోయిన ఆత్మీయులను క్రైస్తవులు తలుచుకుంటారు. భాద్రపద బహుళ పక్షంలో మనం పితృదేవతలకు తర్పణాలు వదిలేది దానికి కొన్ని వారాల ముందే. రెండింటినీ ఒకటి చేయనక్కరలేదు, ఆచారాలు వేరు, భావనలు వేరు. కానీ సంవత్సరంలో ఈ భాగంలో పోయినవారు గుర్తుకు రావడం మీ అత్తగారికి వింతగా తోచదు.

నా సలహా ఒక్కటే. దీపం పెట్టడానికి ముందు చదవండి, దీపం పెట్టే వేళకు పుస్తకం మూసేయండి. ఆవిడ నియమం నిలుస్తుంది, మీ పుస్తకమూ ముందుకు సాగుతుంది.


సమాధానం
రాసినవారు: కాలమజూ నివాసి

ఒక చిన్న సమాచారం. న్యూ జెబెడీ కల్పిత నామమే గాని, ఆ ఊరు మీకు వంద మైళ్ళ లోపు దూరంలో నిజంగా ఉంది. అది బెలేర్స్ 1938లో పుట్టిన మార్షల్ పట్టణం, ఐ-94 రహదారి మీదుగా వెళ్ళాలి. నవలలోని ఇంటికి ప్రేరణగా చెప్పే క్రోనిన్ హౌస్ 1872లో కట్టిన ఇల్లు, దాని గోపురం వీధిలోంచే కనిపిస్తుంది. అక్కడ మనుషులు నివసించే ఇళ్ళు కాబట్టి కాలిబాట మీద నుంచే చూసి రావాలి. అదే ఊళ్ళో 1978లో మొదలైన ఇంద్రజాల ప్రదర్శనశాల ఒకటి ఉంది, 1860లో హవాయి పద్ధతిని తలపించేలా కట్టిన హొనొలులు హౌస్ కూడా ఉంది. మేము మా పిల్లలను అక్టోబరులో పట్టపగలు తీసుకువెళ్ళాము. పుస్తకంలో అంత చీకటిగా ఉన్న ఇల్లు ఎండలో, రాలిన ఆకుల మధ్య, ముందు ఒక సైకిలుతో మామూలుగా నిలబడి ఉండటం చూసి మా చిన్నవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాతనే మిగిలిన అధ్యాయాలు ధైర్యంగా విన్నాడు. వెళ్ళే ముందు ప్రదర్శనశాల వేళలు చూసుకోండి.


ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: నోవై నుంచి ఒక తల్లి

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూసి రాయాలనుకున్నాను.

ఆదివారం మొత్తం పుస్తకం నేను చదివేశాను. సోమవారం నుంచి అమ్మాయి బడి బస్సు దిగి పాలు తాగగానే, సాయంత్రం ఐదు గంటలకు వంటగది బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నాము. ఆరింటికి పుస్తకం మూసేస్తాము, ఆ తరువాత అత్తగారు దీపం పెడతారు. మొదటి రోజు ఆవిడ తన గదిలోనే ఉన్నారు. రెండో రోజు చిక్కుడుకాయలు తెచ్చుకుని బల్లకు అటు చివర కూర్చుని ఈనెలు తీస్తూ, ఆ పిల్లవాడికి అమ్మానాన్నా ఇద్దరూ లేరా అని అడిగారు. ఆవిడకు ఇంగ్లీషు అంతగా రాదు కాబట్టి అప్పటి నుంచి ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, దానిని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. దీనివల్ల చదువు సగం వేగంతో నడుస్తోంది. అమ్మాయికి మాత్రం ప్రతి భయాన్నీ రెండుసార్లు వినే వీలు దొరికింది, రెండోసారి తెలుగులో వినేటప్పుడు ముందు జరగబోయేది తనకు తెలుసు కనుక నాయనమ్మ ముఖం చూస్తూ కూర్చుంటుంది.

తెలుగులో చెప్పేటప్పుడు నేను మొదట జోనథన్‌ను మామయ్య అన్నాను. ఇంటిపేరు ఇద్దరిదీ ఒకటే అని అమ్మాయి మధ్యలో చెప్పగానే, అయితే మామయ్య ఎలా అవుతాడు, బాబాయో పెదనాన్నో కావాలి కదా అని అత్తగారు సరిదిద్దారు. ఇంగ్లీషులో అంకుల్ అన్న ఒక్క మాటతో నేను ఇంతకాలం దాటేసిన సంగతి అది. ఆ రోజు నుంచి అతను మా ఇంట్లో జోనథన్ బాబాయి అయ్యాడు. తండ్రి తోడబుట్టినవాడని తెలిశాక, పిల్లవాణ్ణి ఎక్కడికైనా పంపేస్తాడేమోనన్న భయం అత్తగారికి అసలు నమ్మశక్యంగా లేదు. అన్న కొడుకును ఎవరైనా పంపేస్తారా అని ఆవిడ అంటే, ఆ సంగతి లూయిస్‌కు తెలియదు కదా నాయనమ్మా అని అమ్మాయి చెప్పింది.

శ్మశానం ఘట్టాన్ని న్యూజెర్సీ నుంచి రాసినవారు చెప్పినట్టే శనివారం మధ్యాహ్నం ఒక్క విడతలో పూర్తి చేశాము. అమ్మాయి మధ్యలో లేచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది, అయినా ఆపమని అడగలేదు. ఆ రాత్రి రెండుసార్లు లేచిందట. రెండోసారి లేచినప్పుడు తన బడిలో జరిగిన ఒక విషయం నాయనమ్మకు చెప్పిందట. అదేమిటో అత్తగారు నాకు చెప్పలేదు, చెప్పనని మాట ఇచ్చానన్నారు. నేను రెట్టించి అడగలేదు.

గోడ గడియారం ఇంకా సొరుగులోనే ఉంది. పుస్తకం పూర్తయ్యాక తానే బ్యాటరీ వేసి పెడతానని అమ్మాయి అంటోంది. వచ్చే శనివారం వాతావరణం బాగుంటే నలుగురం మార్షల్ వెళ్ళి వద్దామనుకుంటున్నాము. ఈ రోజు పొద్దున్న కాఫీ తాగుతూ, ఆ పిల్లవాడు బాబాయికి ఇంకా నిజం చెప్పలేదా అని అత్తగారు అడిగారు. మిగతాది నాకు తెలుసు కాబట్టి చెప్పబోయాను. సాయంత్రం ఐదింటి దాకా ఆగమని అమ్మాయి మా ఇద్దరికీ చెప్పి బస్సుకు పరిగెత్తింది.